మూడు రెట్లు సరే, దేనికి మూడు రెట్లు?

"కాన్పులో కటి కండరం మూడు రెట్లకు పైగా సాగుతుంది. మామూలు కండరమైతే ఒకటిన్నర రెట్లు దాటితేనే దెబ్బతింటుంది." ఈ రెండు వాక్యాలూ జంటగా తిరుగుతుంటాయి. సిజేరియనే మేలని వాదించేవాళ్లు వాటిని వాడతారు. ఆడవాళ్ల శరీరం ఎంత గొప్పదో చెప్పాలనుకునేవాళ్లూ వాడతారు. నెలలు నిండాక కండరాన్ని ముందుగానే సాగదీసుకోమని పరికరాలు అమ్మేవాళ్లూ వాడతారు. ఒకదానికొకటి పొసగని మూడు వాదాలకు ఒకే అంకె సాక్ష్యం చెబుతోందంటే, ఆ అంకెను ఎవరూ సరిగ్గా నిలదీయలేదని అర్థం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కాన్పు సమయంలో పెల్విక్ ఫ్లోర్ కండరాల (కటి అడుగున పరుచుకుని లోపలి అవయవాలను మోసే కండరాల) మీద పడే లాగుడును కంప్యూటర్‌లో లెక్కగట్టే మోడళ్లు చాలా అవసరమైనవి. కానీ "ఏది మారితే ఏమవుతుంది" అన్న ప్రశ్నకే అవి నమ్మదగ్గ జవాబు ఇస్తాయి. "ఈ తల్లికి ఏమవుతుంది" అన్నదానికి ఇంకా ఇవ్వలేవు. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును తెచ్చి రెండో ప్రశ్న కింద అతికిస్తే, రేపో మాపో నొప్పులు పడబోయే మనిషిని అనవసరంగా భయపెట్టినట్టో, అనవసరంగా భరోసా ఇచ్చినట్టో అవుతుంది. రెండూ తప్పే.

3.26 ఎక్కణ్నుంచి వచ్చింది

మూడు రెట్ల మాటకు మూలం 2004లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి లియెన్, మూనీ, డిలాన్సీ, ఆష్టన్ మిల్లర్ ప్రచురించిన పరిశోధన. అప్పటికి ఒక్క కాన్పూ కాని 34 ఏళ్ల ఆరోగ్యవంతురాలి ఎమ్మారై చిత్రాల నుంచి పెల్విక్ ఫ్లోర్‌లో ముఖ్యమైన లెవేటర్ ఏనై కండరాన్నీ దాని చుట్టుపక్కలనూ త్రీడీలో కట్టారు. బిడ్డ తలను కాన్పు దారి వెంట దింపుతూ, ఒక్కో కండరపు పట్టీ ఆ తలను చుట్టుకుని రావాలంటే ఎంత పొడవు కావాలో కొలిచారు. ఆ పొడవును మొదటి పొడవుతో భాగిస్తే వచ్చేది సాగుడు నిష్పత్తి. అన్నిటికంటే లోపలి అంచున, ముందువైపున ఉండే పొట్టి పట్టీకి, అంటే మధ్య ప్యూబోకాక్సీజియస్‌కు, 3.26 వచ్చింది. లెవేటర్‌లోని మిగతా పట్టీల్లో ఇలియోకాక్సీజియస్‌కు 2.73, ప్యూబోకాక్సీజియస్‌లో మిగతా భాగానికి 2.50, ప్యూబోరెక్టాలిస్‌కు 2.28.

ఇది జ్యామితి లెక్క. కండరం ఎంత గట్టిది, ఎంత ఎదురు నిలుస్తుంది, ఎక్కడ తెగుతుంది అన్న ప్రశ్నలు ఇందులో లేవు. మూట కట్టడానికి ఎంత తాడు కావాలో చెబుతుంది గానీ, ఆ తాడు తెగుతుందో లేదో చెప్పదు. పొట్టి పట్టీకే అంత పెద్ద అంకె ఎందుకొచ్చిందో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. అది తల చుట్టూ తిరగాల్సిన దూరం మిగతావాటితో పోల్చదగ్గదే, మొదటి పొడవు మాత్రం చాలా తక్కువ. భాగహారంలో కిందున్న సంఖ్య చిన్నదైతే ఫలితం పెద్దదవుతుంది. ఇదంతా ఒకే ఒక్క మనిషి శరీరం నుంచి వచ్చిన లెక్క అన్నది మరవకూడదు. రాసినవాళ్లు దాచలేదు. అది చదివి ఎత్తిరాసినవాళ్లు వదిలేశారు.

2008లో పోర్చుగల్‌లోని పోర్టో నుంచి పరెంటె, నటాల్ జార్జ్ బృందం ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో (వస్తువును చిన్న ముక్కలుగా చేసి ఒక్కో ముక్క మీద బలాన్నీ సాగుడునూ లెక్కగట్టే పద్ధతి) మరో మోడల్ ప్రచురించింది. తల సుమారు 60 మిల్లీమీటర్లు కిందికి దిగేసరికి వాళ్లకు వచ్చిన గరిష్ఠ సాగుడు 1.63. మిషిగన్ అంకెలో సరిగ్గా సగం. వాళ్ల కండరం ఆకారం 72 ఏళ్ల మహిళ మృతదేహం మీద తీసిన కొలతల నుంచి వచ్చింది. ఒకటి జ్యామితి, రెండోది పదార్థ గుణాలతో కూడిన యాంత్రిక లెక్క. ఒకటి బతికున్న 34 ఏళ్ల శరీరం, రెండోది 72 ఏళ్ల మృతదేహం. మొదలుపెట్టిన ఆకారమే వేరైనప్పుడు "ఎన్ని రెట్లు" అన్నదానికి ఒకే జవాబు ఎలా వస్తుంది? రెండూ నిజాయితీ గల లెక్కలే. ఒకదాన్ని మాత్రమే పట్టుకుని "సైన్సు తేల్చింది" అనడంలోనే లోపముంది.

కాగితం మీద చేసి చూడండి

దీనికి సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. లెవేటర్ కండరం రెండు పక్కలా ప్యూబిక్ ఎముకకు అతుక్కుని, వెనక మలద్వారం మీదుగా ఉయ్యాలలా తిరిగి వస్తుంది. మధ్యలో మిగిలే సందును హయేటస్ అంటారు. బిడ్డ దాటాల్సింది ఆ సందునే. నెలలు నిండిన బిడ్డ గడ్డం ఛాతీకి ఆనించి దిగితే, తలలో అడ్డొచ్చే వ్యాసం దాదాపు 9.5 సెంటీమీటర్లు. దాన్ని వృత్తం అనుకుంటే చుట్టుకొలత 29.8 సెంటీమీటర్లు, వైశాల్యం 71 చదరపు సెంటీమీటర్లు.

ఉదాహరణకి ఒకామెకు విశ్రాంతిలో ఆ సందు వైశాల్యం 15 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. వృత్తంగా తీసుకుంటే చుట్టుకొలత 13.7. తల చుట్టుకొలతను దీనితో భాగిస్తే 2.17 రెట్లు. అయితే ఆ చుట్టుకొలతలో ముందువైపు కొంత ఎముక ఉంది, ఎముక సాగదు. ఎముక వాటా 4 సెంటీమీటర్లు అనుకుని రెండు వైపులా తీసేయండి. 25.8ని 9.7తో భాగిస్తే 2.66. ఇప్పుడు విశ్రాంతి కొలత పక్కన పెట్టి, ఆమె గట్టిగా ముక్కినప్పుడు తీసిన కొలత నుంచి మొదలుపెడదాం. సందు 25 చదరపు సెంటీమీటర్లకు తెరుచుకుందనుకుంటే, ఎముక తీసేశాక మిగిలేది 13.7. నిష్పత్తి 1.88.

ఒకే తల్లి, ఒకే బిడ్డ. 2.17, 2.66, 1.88. మూడూ సరైన లెక్కలే.

ఇప్పుడు తల్లిని మార్చి చూడండి. ఇంకా కాన్పు కాని యువతుల్లో, ముక్కినప్పుడు ఆ సందు వైశాల్యం సుమారు 6 నుంచి 36 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుందని సిడ్నీలో డీట్జ్ బృందం అల్ట్రాసౌండ్‌తో చూపించింది. అదే 9.5 సెంటీమీటర్ల తలకు ఈ రెండు కొసల దగ్గరా లెక్కవేస్తే ఒకరికి 3.4 రెట్లు, ఇంకొకరికి 1.4 రెట్లు. ఆ సందు నిజానికి వృత్తం కాదు, ముందు సన్నగా వెనక వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. అయినా విషయం మారదు. తల్లికీ తల్లికీ ఉన్న తేడా, మోడల్‌కీ మోడల్‌కీ ఉన్న తేడా అంత ఉంది. అందుకే "ఆడవాళ్ల కండరం మూడు రెట్లు సాగుతుంది" అన్న వాక్యంలో "ఆడవాళ్ల" అన్న మాటే అన్నిటికంటే పెద్ద తప్పు.

ఇంకో తికమక పదాల్లో ఉంది. సాగుడు నిష్పత్తి వేరు, స్ట్రెయిన్ (మొదటి ఆకారంతో పోలిస్తే వచ్చిన మార్పు కొలత) వేరు. స్ట్రెయిన్‌లోనే మూడు రకాలు. 3.26 రెట్లు సాగితే ఇంజనీరింగ్ స్ట్రెయిన్ 2.26, లాగరిథమిక్ స్ట్రెయిన్ 1.18, గ్రీన్ లగ్రాంజ్ స్ట్రెయిన్ 4.81. సాగింది ఒకటే, అంకెలు మూడు. పెద్ద రూపభేదాల లెక్కలో అబాకస్ లాంటి సాఫ్ట్‌వేర్ మామూలుగా చూపించేది లాగరిథమిక్ విలువ. ఒక పేపర్లోని 118 శాతాన్నీ ఇంకో పేపర్లోని 226 శాతాన్నీ పక్కపక్కన పెట్టి "ఇక్కడ సగమే" అని రాసేస్తే, ఉన్నది ఒకే సాగుడని చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది? అందుకే మోడల్ ఫలితాన్ని చూపే రంగుల బొమ్మ కింద ఏ స్ట్రెయినో రాయని పేపర్‌ను నేను అక్కడితో పక్కన పెట్టేస్తాను.

ఒకటిన్నర రెట్ల గీత ఎవరిది

రెండో వాక్యానికి వద్దాం. ఒకటిన్నర దాటితే దెబ్బ అన్న గీత 1995లో బ్రూక్స్, జెర్బా, ఫాక్నర్ చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. అది ఎలుకల కాలి కండరం మీద చేసినది. బిగువు లేని కండరాన్ని ఒక్కసారి లాగితే, పొడవులో 50 శాతం దాటాకే నారలకు గాయం కనిపించింది. పూర్తిగా బిగిసిన కండరమైతే 30 శాతానికే కనిపించింది. చాలా జాగ్రత్తగా చేసిన ప్రయోగం. కానీ అది క్షణంలో ముగిసే ఒక్క లాగుడు. కాన్పు రెండో దశలో, అంటే గర్భాశయ ముఖం పూర్తిగా తెరుచుకున్నాక బిడ్డ బయటికి వచ్చేదాకా, తల వస్తూ, వెనక్కి తగ్గుతూ, మళ్లీ వస్తూ గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ గడుస్తుంది. నెమ్మదిగా లాగి పట్టి ఉంచితే కణజాలంలో బిగువు కొంత సడలుతుంది. అందుకే 2012లో జింగ్, ఆష్టన్ మిల్లర్, డిలాన్సీ కాలంతో మారే గుణాన్ని కూడా మోడల్‌లో కలిపారు.

అంతకంటే ముఖ్యమైనది, గర్భం కండరాన్నే మార్చేస్తుంది. 2015లో శాన్ డియాగోలో ఆల్పెరిన్ బృందం చూడెలుకల్లో ఈ సంగతి పట్టుకుంది. గర్భం ముదిరేకొద్దీ పెల్విక్ ఫ్లోర్ కండర నారల్లో సార్కోమియర్లు (నారను కట్టే అతి చిన్న ముడుచుకునే ముక్కలు) వరసగా అదనంగా చేరుతున్నాయి. అంటే నార అప్పటికే పొడవు పెంచుకుని సిద్ధంగా ఉంటోంది. కాలి కండరంలో ఆ మార్పు లేదు. చూలాలి కటి కండరానికి, గర్భం లేని ఎలుక కాలి కండరం నుంచి గీత అరువు తెచ్చుకోవడం ఎంతవరకు సబబు?

ఎలుక నుంచి మనిషికి లంకె సరిపోదంటారా, సరే. మనుషుల లెక్కే చూద్దాం. 2003లో డిలాన్సీ బృందం ఎమ్మారై తీసి చూస్తే, మొదటి కాన్పు అయిన 160 మందిలో 32 మందికి లెవేటర్‌లో లోపం కనిపించింది, అంటే 20 శాతం. కాన్పు కాని 80 మందిలో ఒక్కరికీ లేదు. 2005లో డీట్జ్, లాంజరోన్ అల్ట్రాసౌండ్‌తో చూస్తే, సహజ కాన్పు అయిన 39 మందిలో 14 మందికి కండరం ఎముక నుంచి ఊడి కనిపించింది. ఈ లెక్కలు చిన్నవి కావు, వాటిని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. కానీ 1.5 గీత నిజమై, 3.26 అందరికీ వర్తిస్తే నూటికి నూరుమందికీ తెగాలి. ఎక్కువమందికి తెగడం లేదు. కాబట్టి రెండింటిలో కనీసం ఒకటి ఈ కండరానికి వర్తించదు. నా ఉద్దేశంలో రెండూ నేరుగా వర్తించవు.

మెష్ లోపల ఏం చెడుతుంది

ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ కట్టడం ఎలా ఉంటుందో తెలిస్తే, ఏ అంకెను ఎంత నమ్మాలో కూడా తెలుస్తుంది. ముందు ఎమ్మారైలో ఒక్కో ముక్క (శరీరాన్ని అడ్డంగా కోసినట్టు చూపే చిత్రం) మీద కండరం అంచు గీయాలి. ముక్కలు కొన్ని మిల్లీమీటర్ల మందం, కండరమూ కొన్ని మిల్లీమీటర్లే మందం. ఎముకకు అతుక్కునే చోట కండరం పలచబడి పొరలా మారుతుంది, ఆ చోటే చిత్రంలో అన్నిటికంటే మసకగా ఉంటుంది. ఇద్దరు గీస్తే రెండు అంచులు వస్తాయి. దురదృష్టం ఏమిటంటే ఊడేది సరిగ్గా ఆ చోటే.

తర్వాత దాన్ని చిన్న చిన్న ఎలిమెంట్లుగా కోయాలి, ఆ ఎలిమెంట్లన్నీ కలిసిన వలనే మెష్ అంటారు. కండరంలో నీరే ఎక్కువ, పరిమాణం దాదాపు మారదు. అలాంటి పదార్థానికి మామూలు నాలుగు మూలల టెట్రాహెడ్రన్లు వేస్తే అవి లాక్ అయిపోతాయి. ప్రతి ఎలిమెంటూ తన పరిమాణాన్ని కాపాడుకునే ప్రయత్నంలో వంగడానికే మొరాయిస్తుంది, కండరం ఉన్నదానికంటే ఎన్నో రెట్లు గట్టిగా కనిపిస్తుంది. సాగుడు తగ్గుతుంది, బలం పెరుగుతుంది, బొమ్మ మాత్రం అందంగానే ఉంటుంది. పీడనాన్ని విడిగా లెక్కగట్టే హైబ్రిడ్ ఎలిమెంట్లు వాడాలి, లేదా పది బిందువుల టెట్రాహెడ్రన్లతో హైబ్రిడ్ కలపాలి. పరిమాణం నిలిచిందో లేదో చూసుకోవడం తేలిక. ఒక దిశలో 3 రెట్లు సాగి, పక్కలకు స్వేచ్ఛగా ముడుచుకునే పట్టీ మందం 0.58 వంతుకు రావాలి. 6 మిల్లీమీటర్లు ఉన్నది మూడున్నర కావాలి. అలా రాకపోతే, పక్కల నుంచి ఏదో పట్టుకుని ఉందనో లెక్కే తప్పిందనో అర్థం. ఏదో తేల్చకుండా ముందుకు పోకూడదు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఎముక దగ్గరి అంచు. చాలా మోడళ్లలో కండరం ఎముకకు అతుక్కునే చోట బిందువులను కదలకుండా కట్టేస్తారు. మెత్తటి వస్తువును ఒక గీత వెంట కట్టేసి లాగితే, ఆ గీత చివర ఒత్తిడి గణితపరంగా అనంతానికి పోతుంది. మెష్‌లో ఎలిమెంట్ల సైజు సగానికి తగ్గిస్తే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, మళ్లీ తగ్గిస్తే మళ్లీ పెరుగుతుంది, ఎక్కడా నిలకడకు రాదు. ఇప్పుడు ఒత్తిడి ఎక్కువున్న చోట ఎరుపు చూపే ఆ రంగుల బొమ్మ చూడండి. ప్యూబిక్ ఎముక దగ్గర ఎర్రగా మండుతుంటుంది. నిజ జీవితంలో కండరం ఊడేదీ అక్కడే. "మోడల్ వాస్తవంతో సరిపోయింది" అని రాసేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ ఎరుపులో ఎంత శరీరానిది, ఎంత మనం వేసిన ముడిది? మెష్ మార్చి చూడకుండా చెప్పలేం. అంచు నుంచి కొన్ని మిల్లీమీటర్లు లోపలికి వచ్చి, ఒక చిన్న ప్రాంతం మీద సగటు తీసి, మెష్‌ను సగానికి తగ్గించినా ఆ సగటు అయిదు శాతం లోపే కదిలితే, అప్పుడు ఆ అంకెకు విలువ ఇస్తాను. అసలు అతుకును కండరానికీ ఎముకకూ మధ్య మెల్లగా గట్టిపడే పొరగా కడితే ఇంకా మేలు. సరైన చోట ఎరుపు రావడం వేరు, సరైన కారణంతో రావడం వేరు.

తలను చాలా మోడళ్లు రాయిలా గట్టిగా తీసుకుంటాయి. 2019లో క్లెర్మోన్ ఫెరాన్ నుంచి ఆమీ బృందం కాన్పు రెండో దశలో ఉన్న ఏడుగురు తల్లులకు ఎమ్మారై తీసి చూస్తే, ఏడుగురు బిడ్డల్లోనూ తల ఆకారం మారింది. కపాలం ఎముకలు కదిలి, తల సాగి సన్నబడుతుంది. రాతి తలతో వచ్చిన సాగుడు ఉండాల్సినదానికంటే ఎక్కువ చూపించే అవకాశముంది. అదే సమయంలో తల ఎంత మారగలదన్నది బిడ్డను బట్టి మారుతుంది కాబట్టి, ఒక అంకె తీసేసి ఇంకో అంకె పెడితే సరిపోదు.

తల ఎలా కదులుతుందన్నది కూడా చాలాసార్లు ముందే రాసిపెడతారు. ఇంత దిగు, ఇంత తిరుగు, ఇంత వెనక్కి వంగు అని. అలా కదిపితే బలం ఎంతైనా తల వెళ్లిపోతుంది, ఎందుకంటే ఆగే హక్కు దానికి ఇవ్వలేదు. నిజంగా అయితే ఇరుకైన చోట ఆగుతుంది, పక్కకు తిరిగి దారి వెతుక్కుంటుంది. ఇక్కడ ఒక చిన్న తనిఖీ చేసుకోవచ్చు. తల్లి ముక్కేటప్పుడు గర్భాశయంలో పీడనం పాదరసం 100 మిల్లీమీటర్లు అనుకుంటే, అది 13.3 కిలోపాస్కల్స్. 71 చదరపు సెంటీమీటర్ల మీద ఆ పీడనం ఇచ్చే బలం 95 న్యూటన్లు, దాదాపు పది కిలోల బరువంత. తల దాటడానికి మీ మోడల్ 400 న్యూటన్లు అడుగుతుంటే, ఆ మోడల్‌లోని తల్లి ఎంత ముక్కినా బిడ్డ పుట్టడు. కండరం మరీ గట్టిగా పెట్టారనో, ఎలిమెంట్లు లాక్ అయ్యాయనో, దారి తప్పుగా గీశారనో అర్థం. ఈ ఒక్క గుణకారం పేపర్ రాసే ముందు చేసుకుంటే ఎన్నో తప్పులు బయటపడతాయి.

మరి ఇవన్నీ ఎందుకు

ఇన్ని లోపాలు చెప్పాక, "అయితే మోడళ్లు పక్కన పడేద్దాం" అనేవాళ్లు ఉంటారు. వాళ్లతో నేను ఏకీభవించను.

ఈ గాయం చాలాకాలం ఎవరికీ కనిపించలేదు. పైన యోని పొర చెక్కుచెదరకుండా ఉండి, లోపల కండరం ఎముక నుంచి ఊడిపోగలదు. కాన్పు అయ్యాక చూస్తే కుట్లు వేయాల్సిందేమీ కనిపించదు. ఏళ్లు గడిచాక గర్భసంచి జారినప్పుడు "వయసు వల్ల" అనో "బరువులు ఎత్తడం వల్ల" అనో అనేవారు. 2007లో డిలాన్సీ బృందం పోల్చి చూస్తే, జారిన సమస్య ఉన్నవాళ్లలో 55 శాతానికి లెవేటర్‌లో పెద్ద లోపం ఉంది, లేనివాళ్లలో 16 శాతానికే. ఇన్నేళ్లు ఆ ఆడవాళ్లు చెప్పింది ఎవరికీ అర్థం కాలేదంటే, ఒక కారణం చూపించడానికి బొమ్మ లేకపోవడం. ఎమ్మారై, అల్ట్రాసౌండ్ గాయాన్ని చూపించాయి. ఆ గాయం లోపలి అంచునే ఎందుకు అవుతుందో మోడళ్లు చూపించాయి. కాన్పు జరుగుతుండగా ఆ కండరానికి స్ట్రెయిన్ గేజ్ (సాగుడు కొలిచే పరికరం) అతికించి కొలవలేం, ఏ తల్లినీ ప్రయోగానికి ఎక్కువ లాగి చూడలేం. మోడల్‌ను మాత్రం వెయ్యిసార్లు తెంచి చూడొచ్చు.

అందులోనూ పోలిక అడిగితే మోడల్ చాలా నమ్మకంగా పలుకుతుంది. ఒకే మెష్, ఒకే పదార్థం, ఒకే ముడులు. ఒక్కటి మార్చి మళ్లీ నడిపితే, తప్పులు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి తేడాలో చాలావరకు కొట్టుకుపోతాయి. 2004 లెక్కలో నాకు 3.26 కంటే విలువైనదిగా కనిపించేది వేరే వాక్యం. తల వ్యాసం 9 శాతం పెరిగితే ఆ కండరం సాగుడూ 9 శాతం పెరిగింది. ఆ వాక్యాన్ని ఎవరూ ఎత్తిరాయరు, అందులో భయమూ లేదు, వింతా లేదు. కానీ డాక్టరుకు పనికొచ్చేది అదే. తల ముఖం పైకి ఉండేలా దిగి, సరిగ్గా వంగకపోతే అడ్డొచ్చే వ్యాసం 9.5 నుంచి 11.5 దాకా పోవచ్చు, అంటే 21 శాతం ఎక్కువ. పోర్టో బృందం 2009లో ఆ స్థితిని విడిగా నడిపి, మామూలు స్థితికంటే సాగుడు ఎక్కువని చూపించింది. 2010లో అదే బృందం, కండరం బిగిసి ఉంటే తల దాటడానికి ఎక్కువ బలం కావాలని చూపించింది. ముక్కేటప్పుడు కింద బిగబట్టకుండా వదలమని నర్సులు చెప్పే మాటకు అది యాంత్రికమైన ఆసరా. ఇలాంటి ఫలితాల్లో 1.63 అసలు విలువా కాదా అన్న తగాదా దాదాపు అక్కర్లేదు.

కాన్పులో యోని ద్వారం అంచున పెట్టే కోత (ఎపిసియాటమీ) విషయంలో మాత్రం నేను వెనకాడతాను. పక్కకు కోత పెడితే కండరం మీద ఒత్తిడి తగ్గుతుందని మోడళ్లలో వచ్చింది. అది అబద్ధం కాదు. కానీ మోడల్‌కు రక్తం పోదు, కుట్టు పుండవదు, ఆర్నెల్ల తర్వాత నొప్పి ఉండదు. మోడల్ చూసేది ఒక్క కండరాన్ని, తల్లి మోసేది మొత్తం శరీరాన్ని. అవసరం చూడకుండా అందరికీ కోత పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఒత్తిడి పటాన్ని చూపించి ఆ మాటను తిప్పికొట్టే ప్రయత్నం చేస్తే నేను ఒప్పుకోను.

బెలూన్ నేర్పిన పాఠం

నా వాదనకు గట్టి ఎదురు వాదన ఒకటుంది. సాగుడే సమస్య అయితే, ముందే మెల్లగా సాగదీస్తే సరి కదా? ఏ మోడల్‌లోనైనా ఇది పనిచేస్తుంది. మొదటి పొడవు పెంచండి, నిష్పత్తి తగ్గుతుంది. ఎపి-నో అనే బెలూన్ పరికరం వెనక ఉన్న ఆలోచన అదే. చివరి వారాల్లో యోనిలో పెట్టి రోజూ కాస్త కాస్త ఊదుతూ సాగదీసుకోవడం. 2016లో సిడ్నీ నుంచి వచ్చిన ఫలితాల్లో, మొదటి కాన్పుకు సిద్ధమైన 660 మంది మీద జరిగిన యాదృచ్ఛిక పరీక్షలో (ఎవరు పరికరం వాడాలో చీటీ తీసినట్టు నిర్ణయించే పరీక్ష), లెవేటర్ ఊడిపోవడాన్ని అది తగ్గించలేదు.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. మోడళ్లే అబద్ధమని ఒకటి. నేను చదివేది వేరు. బెలూన్ సాగదీసింది కండరాన్నేనా, లేక దాని చుట్టూ ఉన్న మెత్తటి కణజాలాన్నా? సాగినది నిలిచిందా, వదలగానే పాత పొడవుకు వెళ్లిపోయిందా? మోడల్‌లో "మొదటి పొడవు పెంచండి" అనేది ఒక్క గీత మార్పు. శరీరంలో అది సార్కోమియర్లు కొత్తగా చేరే జీవక్రియ, దానికి వారాలు, హార్మోన్లు కావాలి. అంకెను మార్చడం వేరు, ఆ అంకె వెనకున్న కండరాన్ని మార్చడం వేరు. మోడల్ చెప్పిన ఏ ఉపాయమైనా తల్లులకు చేరేముందు ఇలాంటి పరీక్ష దాటాల్సిందే. దాటనిదాన్ని దుకాణంలో పెట్టి 3.26ను దాని డబ్బా మీద అచ్చేయకూడదు.

బిడ్డ తలను పట్టి బయటికి లాగే పట్టకారు, ఫోర్సెప్స్ సంగతి దీనికి తిరగేసిన ఉదాహరణ. వాటితో లెవేటర్ ఊడే అవకాశం బాగా పెరుగుతుందని, తలకు గిన్నెలాంటిది అంటించి లాగే వాక్యూమ్‌తో అంతగా పెరగదని ముందు తల్లుల లెక్కలే చెప్పాయి. ఎందుకో వెతకడంలో మోడల్ సాయపడుతుంది. ఫోర్సెప్స్ రెక్కలు తలకు అటూ ఇటూ చేరి సందులో మరికొంత చోటు తీసుకుంటాయి, లాగుడు వేగమూ పెరుగుతుంది, కాలంతో సడలే కండరానికి ఆ సడలే వ్యవధి దొరకదు. ఇందులో ఏది ఎంత అన్నది విడదీయడానికి మోడల్ కంటే మంచి సాధనం లేదు.

ఒక తల్లికి చెప్పాలంటే ఏం కావాలి

2016లో ట్రేసీ, డిలాన్సీ, ఆష్టన్ మిల్లర్ సమస్యను తిప్పి అడిగారు. ఎన్ని రెట్లు సాగుతుందని కాక, ఈ తల అడిగే చోటెంత, ఈ కటి ఇవ్వగల చోటెంత అని. తల పరిమాణం, దాని ఆకారం మారగలిగే తీరు ఒకవైపు. ప్యూబిక్ ఎముక వంపు, కండరం పొడవు, అది సాగగల హద్దు ఇంకోవైపు. నాకు ఇది సరైన దారిగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇందులో సగటు ఆడమనిషి లేదు.

ఆ లెక్కలోకి వెళ్లే కొలతల్లో చాలావరకు ఇప్పటికే దొరుకుతాయి. చివరి నెలలో బిడ్డ తల వ్యాసం ఎలాగూ అల్ట్రాసౌండ్‌లో కొలుస్తారు. అదే యంత్రానికి త్రీడీ ప్రోబ్ ఉంటే, కింద నుంచి మరో రెండు నిమిషాల్లో సందు వైశాల్యం విశ్రాంతిలో ఒకసారి, ముక్కినప్పుడు ఒకసారి కొలవొచ్చు. ముక్కమన్నప్పుడు చాలామంది తెలియకుండానే కింద బిగబడతారు, సందు తెరుచుకోకపోగా ఇంకా మూసుకుంటుంది. అందుకని ఎలా వదలాలో ముందు నేర్పి, మూడుసార్లు తీసి, పెద్దది రాసుకోవాలి. ప్యూబిక్ వంపు కోణం కూడా అక్కడే వస్తుంది. తల్లి వైపు స్కాన్‌లో దొరకనిది ఒక్కటే, ఆ కండరం ఈ గర్భంలో ఎంత మెత్తబడింది, ఎంత పొడవు చేర్చుకుంది. దాన్ని సూది గుచ్చకుండా, ముక్క కోయకుండా నెలలు నిండిన తల్లిలో కొలిచే పద్ధతి మీద ఖర్చయ్యే ప్రతి గంటా, ఎవరి శరీరమూ కాని సగటు కటికి ఇంకో లక్ష ఎలిమెంట్లు చేర్చడానికి పోయే గంటకంటే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.